సూది పట్టని నర్సుకి ఇన్సూరెన్సెందుకు?

మా పెదనాయన కూతురు నర్సు. కళ్యాణదుర్గం దగ్గర పల్లె మాది. అక్క జీఎన్ఎం చదివి ఏడేళ్ళు వార్డుల్లో చేసింది. నైట్ డ్యూటీలు, పేషెంట్లని లేపడాలు, మంచాలు తొయ్యడాలు, వీటన్నిటి పుణ్యమా అని నడుము పట్టేసి ఇప్పుడు బెంగుళూరులో కుర్చీ ఉద్యోగానికొచ్చింది. అమెరికా ఇన్సూరెన్సు కంపెనీలకొచ్చే కేసు ఫైళ్ళు చదవడం, "ఈ ఆపరేషన్ అవసరమే" అనో, "ఇంకో రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచడానికి కాగితాల్లో కారణం కనపడలేదు" అనో నోట్సు రాయడం ఆమె పని. తుది నిర్ణయం పైనున్న డాక్టరుది.

పోయిన ఉగాదికి ఊరెళ్ళినప్పుడు ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన నర్సులకి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ అంటూ ఒక కాగితం ఇచ్చిపోయాడు. అంటే, పనిలో మన పొరపాటు వల్ల ఎవరికైనా నష్టం జరిగి వాళ్ళు కేసేస్తే ఆ పరిహారం, కోర్టు ఖర్చులు బీమా కంపెనీ భరించే పాలసీ. అక్క ఆ కాగితంతో విసురుకుంటా నవ్వింది. "ఏం రా, నేనేమన్నా సూదులేస్తాండానా, సెలైన్లు పెడతాండానా? కంప్యూటర్ ముందర కూర్చునేదానికి ఇదెందుకు రా?"

నాకూ మొదట నిజమే కదా అనిపించింది. తర్వాత బెంగుళూరు బస్సులో నిద్ర పట్టక ఫోన్లో పాత కేసులు చదవడం మొదలెట్టాను. నేను లాయర్ని కాదు, కోడు రాసుకునేవాణ్ణి. కానీ అక్క అన్న మాట వందేళ్ళ క్రితం లండన్లో జడ్జిలు అన్న మాటేనని తెలిశాక ఆపలేకపోయాను.

1909 నాటి సంగతి. లండన్లో సెయింట్ బార్తొలోమ్యూ ఆస్పత్రిలో హిలియర్ అనే ఆయనకి మత్తిచ్చి పరీక్ష చేశారు. ఆయనా డాక్టరే. మత్తులో ఉండగా చెయ్యి బల్ల మీంచి జారి, పక్కనున్న వేడినీళ్ళ డబ్బాకి తగిలి కాలింది. ఆస్పత్రి మీద కేసేశాడు, ఓడిపోయాడు. డాక్టర్లూ నర్సులూ తమ వృత్తి నైపుణ్యంతో చేసే పనికి ఆస్పత్రి యాజమాన్యం బాధ్యత వహించదు, నర్సులు సమయానికి వార్డులో ఉన్నారా, డాక్టర్ని పిలిచారా, తిండి పెట్టారా లాంటి నిర్వహణ పనులకి మాత్రమే వహిస్తుంది అన్నారు. అంటే సూది పట్టుకున్నంతసేపూ తప్పు నీది, రిజిస్టరు పట్టుకుంటే ఆస్పత్రిది! మా అక్క లెక్క సరిగ్గా ఇదే. సూది పక్కన పెట్టేశాను కాబట్టి బాధ్యత కూడా పక్కన పెట్టేసినట్టే అని.

ఈ గీత నలభై ఏళ్ళకి చెరిగిపోయింది. 1951లో కాసిడీ అనే కూలీ ఆయన కేసు. చేతికి ఆపరేషన్ చేసి కట్టు కట్టారు, కట్టు విప్పేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. తప్పు డాక్టరుదా నర్సుదా అన్నది తేల్చే భారం పేషెంటు మీద పెట్టడం అన్యాయం, ఆస్పత్రే జీతమిచ్చి పెట్టుకుంది కాబట్టి ఆస్పత్రే కట్టాలి అని లార్డ్ డెన్నింగ్ తీర్పు రాశాడు. మన కోర్టులూ తర్వాత ఆ దారే పట్టాయి.

మన దేశంలో 1986 వినియోగదారుల చట్టం డాక్టర్లకి వర్తిస్తుందా లేదా అన్న గొడవ 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు శాంత కేసులో తేల్చేదాకా నడిచింది. వర్తిస్తుంది, కానీ అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట వర్తించదు అన్నారు. 1998లో స్ప్రింగ్ మెడోస్ కేసు వచ్చింది. టైఫాయిడ్‌తో చేరిన పిల్లవాడికి ఒక నర్సు వెయ్యకూడని ఇంజెక్షన్ వేసింది, పిల్లవాడు మళ్ళీ మామూలు మనిషి కాలేదు. పిల్లవాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకి 5 లక్షలు. నర్సుకి సరైన అర్హత లేదని కూడా తేలింది, అయినా భారం పడింది ఆస్పత్రి మీదే.

హైదరాబాదు నిమ్స్ కేసు మనలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రశాంత్ ధనంక అనే ఇంజనీరింగ్ విద్యార్థికి 1990లో అక్కడ ఆపరేషన్ జరిగింది, ఆ తర్వాత నడుము కింద భాగం పనిచెయ్యలేదు. ఆయన ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఇన్ఫోసిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సుప్రీంకోర్టులో చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తనే వాదించుకున్నాడు. 2009 మే 14న కోటి రూపాయల తీర్పు వచ్చింది. మన వృత్తిలో ఉన్న మనిషి సాధించిన తీర్పు అది, దాని గురించి మనం ఇంకాస్త ఎక్కువ మాట్లాడుకోవాల్సింది. ఆ కోటీ కట్టాల్సింది నిమ్సే.

సర్కారు దవాఖానాల సంగతి? ఒకప్పుడు ప్రభుత్వం "మేం రాజ్యం, మా మీద కేసేంటి" అనేది. ఆ వాదనని గట్టిగా దెబ్బకొట్టిన కేసుల్లో ఒకటి మన సీమదే. 1977లో కోయిలకుంట్ల సబ్ జైల్లోకి బాంబులేసి ఒకాయన్ని చంపారు, ఆయన కొడుకు ప్రభుత్వం మీద కేసేశాడు. 2000లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచాడు. (ఫ్యాక్షన్ సినిమాలు తీసేవాళ్ళు ఈ కోర్టు భాగాన్ని ఎందుకో తియ్యరు.) ఔరంగాబాదు సివిల్ ఆస్పత్రిలో 1963లో ఒకావిడ కడుపులో గుడ్డ మర్చిపోయి కుట్టేసిన కేసులో కూడా 1996లో ప్రభుత్వమే కట్టాలన్నారు.

ఇంతవరకు చదివితే అక్క గెలిచినట్టే. సూది పట్టినా పట్టకపోయినా పరిహారం కట్టేది యాజమాన్యం. మరి సొంత పాలసీ ఎందుకు?

ఇక్కడ నాకు మా నాయన చెనక్కాయ చేను గుర్తొచ్చింది.

అనంతపురం వాళ్ళకి ఇన్సూరెన్సు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో పుట్టినవాడు అక్షరాల కంటే ముందు "క్లెయిమ్" అనే మాట నేర్చుకుంటాడు. 1999లో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా పథకంలో బ్యాంకు లోను తీసుకుంటే ప్రీమియం అందులోనే కోసేసేవాళ్ళు. నష్టం లెక్క మాత్రం ఒక్కో చేనుకి కాదు, మండలానికి. మండలంలో కొన్ని చోట్ల పంటకోత ప్రయోగాలు చేసి సగటు తీస్తారు. సగటు బాగుంటే నీ చేను మాడి మసైనా రూపాయి రాదు. మా చేను ఎండిన ఏడాది మండలంలో అవతలి పక్క రెండు మంచి వానలు పడ్డాయి. మా నాయన ప్రీమియం కట్టాడు, ఆయన పేరు జాబితాలో ఉంది, బీమా ఉంది. కానీ ఆ బీమా మండలానిది, ఆయనది కాదు.

ఆస్పత్రి పాలసీ కూడా అంతే. అది ఆస్పత్రి మీద పడే పరిహారానికి. విచారణలో నీ తరఫున మాట్లాడే లాయరుకి కాదు. నర్సింగ్ కౌన్సిల్ నుంచి నోటీసొస్తే దానికి కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, యాజమాన్యం "తప్పు మా పద్ధతిలో లేదు, ఈ ఉద్యోగి పద్ధతి తప్పింది" అని చెప్పిన రోజున ఆ పాలసీ నీ అవతలి పక్కన కూర్చుంటుంది.

మంచం పక్కన లేని నర్సు అనేది ఏదో అమెరికా ఫ్యాషన్ అనుకుంటాం గానీ, మా జిల్లాలో నర్సంటే చాలామందికి తెలిసింది అలాంటి మనిషే. ఏఎన్ఎమ్మమ్మకి వార్డెక్కడిది? 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పినప్పట్నుంచి ఆమె కాన్పులు చూసే మంత్రసాని ఉద్యోగం నుంచి అన్నీ చేసే బహుళార్థ కార్యకర్తగా మారింది. 5 వేల జనాభాకి ఒక సబ్ సెంటరు, సంచీ, టీకాల డబ్బా, సంకలో రిజిస్టర్లు. మా ఊరి ఏఎన్ఎం రోజులో సూది పట్టే సమయం కంటే పెన్ను పట్టే సమయమే ఎక్కువుండేది. 1969లో ఫెర్రర్ అనంతపురం వచ్చి ఆర్డీటీ పెట్టాక ఊళ్ళల్లో ఆడవాళ్ళకే శిక్షణిచ్చి ఆరోగ్య కార్యకర్తల్ని చేసుకున్నారు, బత్తలపల్లి పెద్దాస్పత్రి వచ్చింది 2000లో. అంటే ఆ మూడు దశాబ్దాలూ "ఈమెని పెద్దాస్పత్రికి పంపాలా, ఇంట్లోనే ఉంచాలా" అని చెప్పడమే ఇక్కడ వైద్యంలో సగం. దూరం ఎక్కువ, బస్సులు తక్కువ. ఆ ఒక్క మాట తప్పితే సూది తప్పినట్టే.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది కూడా మూడు జిల్లాల్లో: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మా అనంతపురం. దాంతోపాటు ఒక కొత్త మాట మా ఊళ్ళకొచ్చింది, "అప్రూవల్". ఆస్పత్రి కాగితాలు కంప్యూటర్లో పంపుతుంది, హైదరాబాదులో డాక్టర్లు చూసి సరేనంటారు, అప్పుడు ఆపరేషను. అదే ఏడాది 104 నంబరు కూడా. ఫోన్ చేస్తే అవతల ఒకరు తెర మీదొచ్చే ప్రశ్నల వరస ప్రకారం అడిగి సలహా చెప్పేవాళ్ళు. ఇప్పుడు పల్లె క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిలు ఎంఎల్‌హెచ్‌పీలుగా కూర్చుని, ఈ-సంజీవనిలో డాక్టర్ని కలిపి, ఆయన చెప్పిన మందిస్తున్నారు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఇలా మధ్యలో ఉండే "ఆరోగ్య కార్యకర్త" గురించి ప్రత్యేకంగా రాశారు, అందులో నర్సూ ఉంది, ఏఎన్ఎమ్మూ ఉంది. మందు రాసిన బాధ్యత డాక్టరుది. కానీ డాక్టరుకి ఆ పేషెంటు గురించి చేరిన సమాచారం ఎవరిది?

అచ్చం ఈ ప్రశ్న మీదే అమెరికాలో ఒక కేసు నడిచింది. మా అక్క ఉద్యోగానికి అది ముత్తాత లాంటి కేసు.

1977, కాలిఫోర్నియా. లోయిస్ విక్లైన్ అనే ఆవిడకి కాలి రక్తనాళాల జబ్బు, ఆపరేషనైంది. ఖర్చు పెడుతున్నది మెడికాల్, అంటే అక్కడి ప్రభుత్వ పేదల వైద్య పథకం, మన ఆరోగ్యశ్రీ టైపు. మొదట ఇచ్చిన పది రోజుల గడువు అయిపోవస్తుంటే డాక్టరు ఇంకో ఎనిమిది రోజులు కావాలని ఫారం పెట్టాడు. అది మెడికాల్ తరఫున ఆ ఆస్పత్రి ఫైళ్ళు చూసే నర్సు చేతికొచ్చింది. ఎనిమిది రోజులు తనంతట తను ఇవ్వలేననుకుని పథకం తరఫు డాక్టరుకి ఫోన్ చేసి వివరాలు చెప్పింది. ఆయన పేషెంటుని చూడలేదు, ఆవిడ డాక్టరుతో మాట్లాడనూ లేదు. నాలుగు రోజులు చాలన్నాడు. ఆవిడ ఇంటికెళ్ళింది, తొమ్మిది రోజుల తర్వాత తిరిగొచ్చింది. కాలు తీసెయ్యాల్సొచ్చింది.

జ్యూరీ ఆవిడకి పరిహారం ఇవ్వాలంది. 1986లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఇంటికి పంపిన డాక్టరు అభ్యంతరం చెప్పి మళ్ళీ అడగొచ్చు, అడగలేదు, కాబట్టి బాధ్యత ఆయనదే అంది. అక్కడితో ఆగుంటే ఫైళ్ళు చూసేవాళ్ళంతా హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్ళు. కానీ ఖర్చు తగ్గించే ఏర్పాట్లలో లోపం వల్ల వైద్యం దెబ్బతింటే డబ్బిచ్చేవాళ్ళని కూడా బాధ్యుల్ని చెయ్యొచ్చు అని అదే తీర్పులో రాసింది. ఆ ఒక్క మాటతో మంచానికి దూరంగా కూర్చున్నవాళ్ళకి కూడా కోర్టు మెట్లు కనపడ్డాయి. గమనించండి, ఆ నర్సు తప్పు చేసిందని ఎవరూ అనలేదు. చేసింది ఒక ఫోను. అయినా ఆమె చేసిన ఆ ఒక్క ఫోను వివరాలు తొమ్మిదేళ్ళ తర్వాత కూడా తీర్పులో అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి.

ఈ కథ చెప్తే అక్క ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత తనే తన పాత స్నేహితురాలి సంగతి చెప్పింది. నాకు ముందే కొంచెం తెలుసు, పూర్తిగా కాదు.

ఆ అమ్మాయీ అక్కా ఒకప్పుడు ఫోన్లో వైద్య సలహాలిచ్చే ఒక కంపెనీలో పక్కపక్క కుర్చీల్లో చేశారు. 2022లో ఒక రాత్రి ఒకాయన గుండెల్లో మంట అని ఫోన్ చేశాడు. తెర మీదొచ్చిన ప్రశ్నలన్నీ ఈ అమ్మాయి అడిగింది. చివర్లో తెర చెప్పిన సలహానే చెప్పింది, పొద్దున డాక్టర్ని కలవమని. ఆయన తెల్లవారుజామున చనిపోయాడు. ఇంట్లోవాళ్ళు పోలీసు కంప్లైంటిచ్చారు. వాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ ఇచ్చేవాణ్ణి.

కంపెనీ పోలీసులకి ఒక లాగ్ ఇచ్చింది. అందులో ఫలానా ఐడీ ఉన్న ఉద్యోగి, ఫలానా టైముకి, "చెయ్యి లాగుతోందా, చెమటలు పడుతున్నాయా" అనే ప్రశ్న అడగలేదు అని ఉంది. ఆ అమ్మాయేమో ఆ ప్రశ్న నాకు తెర మీద రానే లేదు మొర్రో అంటుంది. ఎవరిది నిజం? ఇక్కడ నేను సాఫ్ట్‌వేర్ వాడిగా మాట్లాడతా. ఆ లాగ్‌లో యూజర్ ఐడీ ఉంది, టైము ఉంది, జవాబులున్నాయి. ఆ రాత్రి ప్రశ్నల వరసలో నడుస్తున్నది ఏ వెర్షనో లేదు. ఆ వారంలోనే ప్రశ్నలు మార్చారట. ఏ తేదీన ఎవరికి కొత్త వరస వచ్చిందో చెప్పే ఆధారం ఎక్కడా దాచలేదు. మనం ఎన్ని టేబుల్స్ ఇలా డిజైన్ చెయ్యలేదు! ఎవరు చేశారో రాస్తాం, వాళ్ళకి ఆ క్షణంలో ఏం చూపించామో రాయం. నేను చేసిన ఒక హెల్త్‌కేర్ ప్రాజెక్టులో ఆడిట్ టేబుల్ కూడా అంతే ఉండేది. "స్టోరేజ్ ఎందుకు వేస్టు" అన్నది నేనే.

చివరికి ఆ అమ్మాయి మీద ఛార్జిషీటు పడలేదు. కానీ ఏడాదిన్నర పాటు స్టేషనుకీ లాయరు దగ్గరకీ తిరిగింది. సొంత డబ్బు లక్షా 10 వేలు అయింది. కంపెనీ లాయరు కంపెనీ తరఫున మాత్రమే వచ్చాడు, ఉద్యోగం మొదటి నెలలోనే పోయింది. కంపెనీకి పాలసీ లేదా అంటే ఉంది. మండలానికి ఉన్నట్టు.

ఇంకో విషయం, దీని గురించి ఎక్కడా పెద్ద చర్చ జరిగినట్టు నాకు కనపడలేదు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే పాత ఐపీసీ 304ఏ కింద ఎవరికైనా గరిష్ఠంగా రెండేళ్ళు. డాక్టర్లని ఊరికే అరెస్టులు చెయ్యొద్దని, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోమని, నిర్లక్ష్యం తీవ్రంగా ఉంటేనే క్రిమినల్ కేసని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను దీన్ని మార్చింది. ఇప్పుడు మామూలుగా ఐదేళ్ళ దాకా. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ వైద్య ప్రక్రియ చేస్తూ ఉండగా జరిగితే మాత్రం రెండేళ్ళే. ఆ ప్రాక్టీషనర్ ఎవరయ్యా అంటే వైద్య డిగ్రీ ఉండి, మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళు. నర్సు పేరుండేది నర్సింగ్ రిజిస్టర్‌లో. మద్రాసు ప్రెసిడెన్సీలో 1926లోనే చట్టం చేసి నర్సులకి సొంత రిజిస్టరు ఇచ్చారని మనం గర్వంగా చెప్పుకోవచ్చు, అదే రిజిస్టరు ఇప్పుడు ఈ రాయితీకి పనికిరాదు. ఒకే ఘటనలో డాక్టరుకి రెండేళ్ళ సెక్షను, పక్కనున్న నర్సుకి ఐదేళ్ళ సెక్షను. ఇక ఫోన్లో, ఫైల్లో ఉన్న నర్సు సంగతి సరేసరి, ఆమె చేసేది "వైద్య ప్రక్రియ" అని వాదించడమే కష్టం. అవసరమైనప్పుడు మీరు వైద్యం చెయ్యట్లేదంటారు, అవసరమైనప్పుడు వైద్యంలో నిర్లక్ష్యం అంటారు.

పాలసీ ఉంటే జైలు శిక్ష పోతుందని కాదు, ఏ పాలసీ శిక్ష అనుభవించదు :) క్రిమినల్ కేసు లాయరు ఖర్చు కూడా అన్ని పాలసీల్లో రాదు. ఆ ఒక్క లైను వెతుక్కుని చదవాలి. కౌన్సిల్ విచారణ, యాజమాన్యం పెట్టే విచారణ, ఉద్యోగం మానేశాక పాత పని మీద వచ్చే కేసు, ఇవి మూడూ ఉన్నాయా లేదా చూడాలి. మూడోది మరీ ముఖ్యం. చాలా పాలసీలు కేసు పడిన రోజుకి నడుస్తుంటేనే పనిచేస్తాయి, తప్పు జరిగిన రోజుకి ఉంటే సరిపోదు.

ఇంకో వాదన ఉంది, కొట్టిపారేసేది కాదు. నీ దగ్గర పాలసీ ఉందని తెలిస్తే అవతలి లాయరు నిన్ను కూడా కేసులోకి లాగుతాడు, ఖాళీ జేబులున్నవాళ్ళ జోలికి ఎవరూ రారు అని. అమెరికాలో నర్సులు దీని మీద ఎప్పట్నుంచో కొట్టుకుంటున్నారు. మన దగ్గర పరిహారం కేసుల్లో నర్సు పేరు విడిగా వచ్చేదే అరుదు కాబట్టి, పరిహారం భయంతో అయితే నేను కూడా వద్దనే అంటాను. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళకి, స్టోర్స్ చూసుకునేవాళ్ళకి నాకు పెద్ద అవసరం కనపడలేదు. ఎవరి మాట మీద ఒక మనిషి ఆస్పత్రిలో ఉండడమో ఇంటికి పోవడమో జరుగుతుందో వాళ్ళకి మాత్రం కావాలి. అదీ పరిహారం కట్టడానికి కాదు, తన పక్కన నిలబడే లాయరు ఒకడుండటానికి. కాంట్రాక్టు మీద చేసేవాళ్ళకి మరీను, వాళ్ళకి వెనకాల మండలం కూడా లేదు.

పోయిన ఆదివారం అక్క ఫోన్ చేసింది. ఏజెంటు దగ్గర ఫారం తెప్పించుకుందట. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, అనుభవం అన్నీ నింపి ఒక చోట ఆగిపోయింది. "పని చేయు ఆస్పత్రి పేరు, పడకల సంఖ్య" అని ఉందట. ఏం రాయమంటావు రా అంది. ఆస్పత్రి లేదు, పడకలు సున్నా అని రాసి, చేసే పనేమిటో వేరే కాగితం మీద పూర్తిగా రాసి దానికి జత చెయ్యమన్నాను. దాచిపెడితే క్లెయిమప్పుడు అదే పట్టుకుంటారు. ఆ సున్నా చూసి ఏజెంటు ఆఫీసులో కనుక్కుని చెప్తానన్నాడట. ఇంకా ఫోన్ చెయ్యలేదు.